కోయాసాన్‌కి అమ్మానాన్నలతో: ఒక్క రాత్రి ఉండాలా?

సుబ్బలక్ష్మి గారి అబ్బాయి: నవంబర్లో అమ్మానాన్నల్ని ఒసాకా నుంచి కోయాసాన్ (జపాన్‌లో బౌద్ధ మఠాలున్న కొండ) తీసుకెళ్దామని. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. రాత్రి గుడి సత్రంలో ఉండాలా, సాయంత్రానికి వచ్చేయొచ్చా? తిండి, చలి సంగతేంటి?

నంబా బాబాయ్: ఒసాకాలో నంబా స్టేషన్ నుంచి కొండ కింద గొకురకుబాషి దాకా రైలు, అక్కణ్ణుంచి అయిదు నిమిషాల కేబుల్ కారు. పైన బస్సే గతి, ఊళ్ళోకెళ్ళే ఆ రోడ్డు మీద నడవనివ్వరు. మేం తెలీక సూట్‌కేసులు ఈడ్చుకుంటూ బయల్దేరితే వెనక్కి పంపేశారు. పెట్టెలు నంబా లాకర్లో పడేసి వెళ్ళండి.

ఘాటు: ఉండండి, ఉండండి. కానీ ఆవకాయ తీసుకెళ్ళొద్దు. మా అత్తగారు సీసా మూత తీయగానే గదంతా వెల్లుల్లి. పళ్ళేలు తెచ్చిన కుర్ర సన్యాసి ఏమీ అనలేదు, నవ్వి కిటికీ తెరిచి వెళ్ళిపోయాడు. మా ఆయన ఆ రాత్రంతా చలికి వణుకుతూనే ఉన్నాడు.

శుద్ధ సాత్వికం: ఉల్లి వెల్లుల్లి లేకుండా వండే చోట ఆవకాయా? తిరుమలలో అలా చేస్తారా? పరువు తీస్తున్నారు.

ఘాటు: నువ్వుల టోఫు, ఎండు టోఫు, ఉడికించిన టోఫు వరసపెట్టి తిన్నాక నాకు చెప్పండి పరువు గురించి.

కాలినడక: నేను ఆరుసార్లు వెళ్ళా. కొండ కింద జిసోన్‌ఇన్ గుడి నుంచి 109 మీటర్లకో రాయి చొప్పున 180 రాళ్ళు లెక్కపెట్టుకుంటూ ఎక్కా. కేబుల్ కారెక్కితే అది యాత్ర కాదు, పిక్నిక్. రాళ్ళ మీద అక్షరాలు మనవే, ఇక్కడి బౌద్ధ శాఖ షింగోన్ గురుపరంపరలో నాగార్జునుడూ మనవాడే.

లిపి పిచ్చి: అవి సిద్ధం అనే పాత భారతీయ లిపిలో బీజాక్షరాలు స్వామీ. అ వ ర హ ఖ, పంచభూతాలకి గుర్తులు. భాష సంస్కృతమైనంత మాత్రాన తెలుగైపోతుందా? ఆ నాగార్జునుడూ మన నాగార్జునకొండ నాగార్జునుడూ ఒకరేనా అన్నది పండితులే తేల్చలేదు, మీరు తేల్చేశారు.

కాలినడక: వెళ్ళి చూసి రండి, తర్వాత వాదిద్దాం.

విజయవాడ వదిన: నడిస్తేనే యాత్ర అంటున్న అన్నయ్యా, 1872 దాకా ఆడవాళ్ళని లోపలికే రానివ్వలేదు. పొలిమేరలో ఆడవాళ్ళ కోసం కట్టిన న్యోనిన్‌దో మందిరం దగ్గర ఆగిపోయి కొండ చుట్టూ తిరిగి దణ్ణం పెట్టుకునేవాళ్ళు. వాళ్ళది పిక్నికా?

సుబ్బలక్ష్మి గారి అబ్బాయి: అమ్మ మోకాళ్ళండీ...

విజయవాడ వదిన: అయ్యో, మర్చేపోయా. పరుపు నేల మీదే, భోజనం కూడా చాలాచోట్ల నేల మీదే. బుక్ చేసేప్పుడే కుర్చీ అడుగు నాన్నా. ఒకునోయిన్‌కి, అంటే ఇక్కడ మఠం పెట్టిన కోబో దైషి సమాధికి, శ్మశానం మధ్యగా వెళ్ళే పాత దారి రెండు కిలోమీటర్లు, ఒకునోయిన్‌మాయే స్టాపులో దిగితే దగ్గర. ఆ దారిలో రాకెట్ ఆకారం సమాధి కూడా కనిపిస్తుంది. రాత్రి ఉంటే పొద్దున ఆరింటికి కోబో దైషికి నైవేద్యం పెట్టె మోసుకెళ్తుంటే చూడొచ్చు. పన్నెండొందల ఏళ్ళుగా ధ్యానంలోనే ఉన్నాడని రోజూ రెండుసార్లు పెడతారు. సమాధి ముందున్న గొబ్యోబాషి వంతెన దాటాక ఫొటోలు తీయకూడదు, ఫోన్ జేబులో పెట్టేయ్.

నంబా బాబాయ్: ఉన్ని సాక్సులు రెండేసి జతలు. చెప్పులు విప్పి నడిచే వసారాలు మంచుగడ్డల్లా ఉంటాయి.

ఘాటు: నిమ్మకాయ పచ్చడిలో వెల్లుల్లి ఉండదుగా, అదైతే పర్లేదా?