ముసలి గుర్రాన్ని సూదిమందుతో సాగనంపే సమయం వచ్చిందని దేన్నిబట్టి తేల్చుకోవాలి?

పచ్చికబయలు:
వయసు 28. కీళ్ళవాతం బాగా ముదిరింది. కానీ మేత తింటోంది, పిలిస్తే చెవులు నిక్కిస్తోంది. "తింటోందిగా, ఇప్పుడే ఎందుకు" అనే మాట ఎంతవరకు నమ్మొచ్చు? డాక్టర్ని పిలిచేలోపు ఏమేం గమనించి రాసిపెట్టుకోవాలి? ఆ రోజు ఏర్పాట్ల గురించి కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

రాత్రికాపలా:
తిండిని కొలబద్దగా పెట్టుకోకండి. గుర్రం నొప్పిని దాచుకునే జంతువు. కూలబడే రోజు పొద్దున కూడా గడ్డి నములుతుంది.

చూడాల్సింది పడక. నిలబడి కునుకు తీస్తుంది, నిజమే. కానీ కలలొచ్చే గాఢనిద్ర కావాలంటే పడుకోవాల్సిందే, రోజుకు అరగంట నుంచి గంట దాకా. లేవడం కష్టమైన గుర్రం పడుకోవడమే మానేస్తుంది. కొన్నాళ్ళకు నిలబడే తూగుతుంది, ముక్కు నేలకు ఆనేలా తల వాలిపోతుంది, ముందు మోకాళ్ళు మడతపడగానే ఉలిక్కిపడి లేస్తుంది. ముందుకాళ్ళలో డెక్క పైనుండే కీలు చూడండి. ముందువైపు వెంట్రుకలు ఊడి, పుండు మానేలోపే మళ్ళీ చెక్కుకుపోతుంటే రాత్రి ఏం జరుగుతోందో అదే చెబుతుంది. రోజూ పొద్దున తోకలో, పక్కటెముకల మీద గడ్డిపరకలు అంటుకున్నాయేమో వెతకండి. రెండు వారాలు ఒక్క పరకా దొరకలేదంటే పడుకోవట్లేదనే లెక్క. అనుమానముంటే సాలలో కెమెరా పెట్టండి.

లద్దెబుట్ట:
తినడం వేరు, ఒంటికి పట్టడం వేరు. పళ్ళు అరిగితే గడ్డిని నమిలి ఉండలుగా ఉమ్మేస్తుంది, తొట్టి కింద తడి ముద్దలు పడుంటాయి. లద్దెలో పొడవాటి పోచలు కనిపిస్తాయి. అలాంటప్పుడు నానబెట్టి మెత్తగా చేసిన మేతే గతి.

బరువు కంటితో అంచనా వేయొద్దు. పిట్యుటరీ (మెదడు కింద ఉండే గ్రంథి) జబ్బున్న ముసలి గుర్రాలకు బొచ్చు ఊడదు, దాని కింద పక్కటెముకలు కనబడవు. ఛాతీ చుట్టుకొలతను అదే అంకెతో గుణించి, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్ళీ గుణించి, 11,880తో భాగించండి. కొలతలు సెంటీమీటర్లలో ఉంటే జవాబు కిలోల్లో వస్తుంది. 180 చుట్టు, 160 పొడవు అయితే సుమారు 436 కిలోలు. రెండు వారాలకోసారి చాలు.

పచ్చికబయలు:
నొప్పిమందు ఇస్తే బానే నడుస్తోందండి. దాన్ని బట్టి ఏమనుకోవాలి?

డెక్కమందు:
డాక్టరు సాధారణంగా రాసేది ఫినైల్‌బ్యూటజోన్, కిలోకు 2.2 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. అంటే 500 కిలోల గుర్రానికి పూటకు సుమారు 1.1 గ్రాములు. అంత ఇచ్చినా మలుపు తిరగడానికి వెనకాడుతుంటే, డెక్క ఎత్తనివ్వకపోతుంటే, పై మెట్టు దాదాపు లేనట్టే. మోతాదు పెంచితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ. నీళ్ళు సరిగా తాగని గుర్రానికి ఇంకా ప్రమాదం. అడుగు వేయించుకోవడానికే రోజూ పూర్తి మోతాదు కావాల్సివస్తే డాక్టరుతో తేదీ మాట్లాడటం మంచిది, అదీ చలి, బురద ముదరకముందే. జారిపడి లేవలేని గుర్రానికి అర్ధరాత్రి డాక్టరు దొరకడం కష్టం. 500 కిలోల శరీరం గంటల తరబడి ఒకేవైపు పడుంటే కింది కండరాలు, నరాలు దెబ్బతింటాయి.

రాత్రికాపలా:
ఏర్పాట్లకొస్తే, సాలలో వద్దు. తర్వాత బయటికి లాగడం చూడలేం. యంత్రం వచ్చి తిరగగల చదునైన చోటు చూడండి. పాతిపెట్టాలంటే అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. బావులకు, కాలువలకు దూరంగా గొయ్యి తవ్వించాలి, పైన కనీసం మీటరు మట్టి పడేంత లోతుగా. ఇన్సూరెన్స్ ఉంటే ముందే చెప్పాలి.

ముందు మత్తు ఇస్తారు, తల వాలుతుంది. తర్వాత మెడ సిరలో కాథెటర్ (సన్నని గొట్టం) ద్వారా ప్రాణం తీసే మందు పెంటోబార్బిటాల్, పెద్ద గుర్రానికి 100 మిల్లీలీటర్ల పైమాటే. నిమిషంలోపే కూలుతుంది. సూది సిర తప్పితే, లేదా ఒంట్లో నీరు తగ్గి రక్తప్రసరణ మందగించి ఉంటే ఆలస్యమవుతుంది, పెనుగులాడొచ్చు. పడ్డాక కాళ్ళు ఆడటం, ఒకట్రెండు పెద్ద ఊపిరులు మామూలే, అప్పటికి స్పృహ ఉండదు. కళ్ళు తెరిచే ఉంటాయి. డాక్టరు కనుగుడ్డు తాకి, గుండె విని, అయిపోయిందని చెబుతారు. తాడు అలవాటున్నవాళ్ళ చేతికివ్వండి, ఎదురుగా ఎవరూ నిలబడొద్దు, ముందుకు తూలి పడుతుంది.

లద్దెబుట్ట:
ఒక్కమాట మర్చిపోయారు. ఆ మందు కళేబరంలో ఉండిపోతుంది, తిన్న కుక్కలు, రాబందులు చస్తాయి. కప్పెట్టేదాకా టార్పాలిన్ కప్పి ఒకరు కాపలా ఉండాలి. తోడుగుర్రం ఉంటే మాత్రం కప్పేముందు దగ్గరికి వదలండి. వాసన చూసి, కాసేపు ముక్కుతో నెట్టి, తనంతట తానే పక్కకెళ్ళి మేత మొదలెడుతుంది. చూడనివ్వకపోతే కొన్ని రోజులపాటు సకిలిస్తూ కంచె వెంట తిరగొచ్చు.