క్రిస్మస్ ఖర్చును అప్పు లేకుండా గట్టెక్కడం ఎలా?

తెనాలి గృహిణి (ప్రశ్న):

అందరికీ వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లె. మావారు ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయులు, నేను ఇంట్లోనే జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. డిసెంబరులో ఊళ్లోవాళ్ల జాకెట్లన్నీ నా మిషను మీదే ఉంటాయి కాబట్టి ఆ నెల రాబడి బాగానే ఉంటుంది. అయినా జనవరి వచ్చేసరికి చేతిలో చిల్లిగవ్వ మిగలదు. క్రిస్మస్‌కు ఇంటిల్లిపాదికీ ఒక జత, 31 రాత్రి ఆరాధనకు ఇంకో జత, పిండివంటలు, నక్షత్రం, కేకు, బంధువుల రాకపోకలు, ఇవన్నీ పది పన్నెండు రోజుల్లోనే వచ్చి పడతాయి. ఆ వెంటనే పిల్లల మూడో టెర్మ్ ఫీజు కట్టాలి. పండుగకు మూడు రూపాయల వడ్డీకి ఇరవై వేలు తేవడం, దాన్ని వేసవి దాకా తీర్చుకుంటూ పోవడం మా ఇంట్లో మామూలైపోయింది.

ఈసారి సెమీ క్రిస్మస్ కూడిక కూడా మా ఇంట్లోనే పెట్టాలని సంఘంలో అనుకున్నారు. ఎనభై మంది దాకా వస్తారు. పోయిన ఏడాది పక్క వీధివారు చికెన్ బిరియాని పెట్టారు గనుక, మనం అంతకు తగ్గితే నలుగురిలో చులకనైపోతామని మా అత్తగారు పట్టుబడుతున్నారు. పండుగ కళ తగ్గకుండా, పెద్దావిడ మనసు నొప్పించకుండా ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించకూడదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

చీరాల మాస్టారు:

అమ్మా, వందనాలు. నేను చాలా కాలం సంఘ కమిటీలో పనిచేశాను కాబట్టి కూడిక విషయమే చెబుతాను. మీ ఖర్చులో అన్నిటికన్నా సులువుగా తగ్గేది అదే.

మొదట చూడవలసింది వంటకాన్ని కాదు, వేళను. రాత్రి ఏడున్నరకు ప్రార్థన మొదలుపెడితే, వాక్యం, పాటలు, సాక్ష్యాలు ముగిసేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది, అంతసేపు కూర్చున్నవారిని భోజనం పెట్టకుండా పంపడానికి ఎవరికీ మనసొప్పదు. అదే ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు పెట్టుకుంటే టీ, ఒక తీపి, ఒక కారం ఇచ్చి గౌరవంగా పంపవచ్చు, అన్నం పెట్టలేదేమని ఎవరూ అడగరు. ఆదివారం అని ఎందుకంటున్నానంటే, కూలి పనులకు వెళ్లేవారు తక్కిన రోజుల్లో ఆ వేళకు ఇల్లు చేరరు. ఎనభై మందికి నాలుగు కిలోల శనగలు ముందు రాత్రి నానబెట్టి గుగ్గిళ్లు చేసి, రవ్వకేసరి కలిపితే నిండుగా ఉంటుంది. చాపలు, పెద్ద గిన్నెలు, టీ క్యాను మందిరంలో ఉంటే అద్దె సామాను అక్కరలేదు.

రెండోది, ఈ పద్ధతిని మీరొక్కరే పాటిస్తే మీ అత్తగారి భయమే నిజమవుతుంది. మా సంఘంలో ఏ ఇంట కూడిక పెట్టినా తేనీటి విందు మాత్రమే ఉండాలని కమిటీలో తీర్మానించి, ఆరాధనలో ప్రకటించాము. ఆ ప్రతిపాదన బాగా కలిగిన కుటుంబం చేత చేయించాము. లేనివారు అంటే పిసినారితనం అంటారు, ఉన్నవారు అంటే పద్ధతి అంటారు, లోకం తీరు అంతే. మీవారు పాస్టరు గారిని ఒంటరిగా కలిసి ఈ మాట చెబితే మంచిది. ఇలాంటి ఇబ్బంది మీ ఒక్క ఇంటిదే అయి ఉండదు.

హైదరాబాద్ బ్యాంకు ఉద్యోగి:

మాస్టారి సలహాతో ఈ ఏడాది గడుస్తుంది. నేను అప్పు సంగతి చూస్తాను. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ఇరవై వేలకు నెలకు 600 రూపాయలు, ఆరు నెలలు అసలు కదలకపోతే వడ్డీయే 3,600. పండుగకు బట్టలు ఎక్కడ చవకో నాలుగు కొట్లు తిరిగి బేరమాడి మిగుల్చుకున్నదంతా అక్కడే పోతుంది. ఎలాగూ తప్పదనుకుంటే, మీరు డ్వాక్రా సంఘంలో ఉన్నట్లయితే సంఘం పొదుపు నుంచి తీసుకోవడం అంతకంటే చాలా నయం. క్రెడిట్ కార్డు జోలికి మాత్రం పోవద్దు. బిల్లు మొత్తం కట్టకుండా కనీస మొత్తం మాత్రమే కడితే చాలా కార్డులపై నెలకు మూడు శాతం పైగా వడ్డీ పడుతుంది, పైగా ఆ తరువాత కొన్న వస్తువులకు కూడా వడ్డీ లేని గడువు వర్తించదు.

వచ్చే ఏడాదికి ఈ డిసెంబరు రాబడిలో నుంచే రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ), అంటే నెలనెలా ఒకే మొత్తం కట్టే పొదుపు, మొదలుపెట్టండి. స్టేట్ బ్యాంకులో నెలకు 100 రూపాయల నుంచి పన్నెండు నెలల గడువుకు తెరవవచ్చు. పోస్టాఫీసు ఆర్డీ గడువు అయిదేళ్లు కాబట్టి పండుగ అవసరానికి అది కుదరదు. నెలకు 1,500 వేస్తే అసలే 18,000 అవుతుంది, వడ్డీ అదనం. కుట్టుపని డబ్బు చేతికి వచ్చిన రోజునే ఖాతాలో పడేలా తేదీ పెట్టుకోండి. నెలాఖరుకు మిగిలింది వేద్దామనుకుంటే మిగలదు.

మన ఊళ్లలో తిరిగే క్రిస్మస్ ఫండ్, సంక్రాంతి ఫండ్ గురించి కూడా ఒక మాట. వారానికి వంద చొప్పున యాభై వారాలు కడితే అయిదు వేల సరుకులు ఇస్తామంటారు. మీ డబ్బుకు వడ్డీ లేదు, సరుకు ధర, నాణ్యత వారి ఇష్టం, నిర్వాహకుడు ఊరు వదిలితే అడిగే దిక్కుండదు. అనుమతి లేకుండా ఇలా డిపాజిట్లు వసూలు చేసే పథకాలను 2019లో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. చీటీయే కావాలనుకుంటే 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైనదేనా అని అడిగి చేరండి. అందులో నిర్వాహకుడి కమీషను ఏడు శాతానికి మించకూడదు.

ఏలూరు సోదరి:

అక్కా, లెక్కల సంగతి అన్నయ్యగారు చెప్పారు, నేను ఇంటి పనుల సంగతి చెబుతాను. మీ చేతిలోనే మిషను ఉంది కాబట్టి మీరు చీరలు, గుడ్డ ఆషాఢం తగ్గింపుల్లో కొని పెట్టుకోవడం మేలు. పిల్లలవి మాత్రం అప్పుడే కుట్టవద్దు, అయిదు నెలల్లో వాళ్లు ఎదుగుతారు. గుడ్డ దాచి నవంబరులో కొలతలు తీసుకోండి. డిసెంబరులో బయటి గిరాకీ మీదపడితే సొంత ఇంటివే ఆఖరికి మిగిలిపోతాయి, అందుకని ముందు మీ ఇంట్లోవి ముగించండి. రెడీమేడ్ కొనవలసి వస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కోటి 2,500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం అన్నది గుర్తుంచుకోండి.

31 రాత్రికి రెండో జత కొనడం మా ఇంట్లో పెద్దవాళ్లకు మానేశాము. క్రిస్మస్ చీరకే ఇంకో రంగు జాకెట్టు వేసుకుంటే చాలు. పిల్లల విషయంలో అంత కఠినంగా ఉండమని నేను చెప్పను, తోటి పిల్లల మధ్య వాళ్ల మనసు వేరు.

పిండివంటలు మేము నాలుగు ఇళ్లవాళ్లం కలిసి చేసుకుంటాము. ఒక ఇంట అరిసెలు, ఒక ఇంట చెక్కలు, ఒక ఇంట గులాబీ పువ్వులు, ఒక ఇంట కజ్జికాయలు చేసి పంచుకుంటాము. ప్రతి ఇంటా నాలుగు రకాలకూ మూకుడు పెడితే మిగిలిపోయే నూనే ఎంతో ఉంటుంది. గులాబీ పువ్వుల గుత్తిని కొత్తగా కొనకండి, ఎవరో ఒకరి ఇంట్లో ఉండనే ఉంటుంది. పాతబడి నూనె పీల్చినదైతే పువ్వు చక్కగా విడుతుంది కూడా. కేకుకు ఓవెన్ అక్కరలేదు. కుక్కరులో అడుగున ఉప్పు పరిచి, రబ్బరు, విజిల్ తీసేసి, స్టాండు మీద గిన్నె పెట్టి సన్నని మంట మీద వదిలేస్తే ముప్పావు గంటలో పొంగుతుంది. ఎండుద్రాక్ష, టూటీఫ్రూటీ కాసేపు నారింజ రసంలో నానబెడితే ప్లమ్ కేకు రుచి వస్తుంది.

నక్షత్రంలో పాత 60 వాట్ల బల్బు ఉంటే మార్చండి. రోజుకు పది గంటలు, నెల రోజులు వెలిగితే దానికి 18 యూనిట్లు, 9 వాట్ల ఎల్ఈడీకి మూడు యూనిట్లు కూడా కావు.

తెనాలి గృహిణి:

అందరికీ కృతజ్ఞతలు. మావారు పాస్టరు గారితో మాట్లాడారు, ఆయన వచ్చే ఆదివారం కమిటీ ముందు పెడతానన్నారు. సాయంత్రం కూడికకు మా అత్తగారు సరేనన్నారు, కానీ గుగ్గిళ్లతో పాటు కేకు ముక్క కూడా ఉండాలని షరతు పెట్టారు. అది కుక్కరులో చేస్తాను. ఇంకొక్క సందేహం. క్యారల్స్ రౌండ్స్‌కు యువకులు ఇంటింటా పాటలు పాడుతూ అర్ధరాత్రి దాటాక వస్తారు, ఇరవై అయిదు మందికి టీ, బిస్కెట్లు, పైన కానుక ఇవ్వాలి. అక్కడ తగ్గించడం బాగుంటుందా?

చీరాల మాస్టారు:

కానుక తగ్గించకండి. మా దగ్గర ఆ డబ్బుతోనే విధవరాండ్రకు చీరలు, దుప్పట్లు కొంటారు. మీరు అనుకున్న మొత్తాన్ని ఇప్పుడే కవరులో వేసి పక్కన పెట్టండి, లేకపోతే ఆ రాత్రి పక్కింటివారిని చూసి పెంచవలసి వస్తుంది. టీ మాటకొస్తే, ఒకే రాత్రి అన్ని ఇళ్లలో తాగలేక పిల్లలే సగం పారబోస్తారు. ఏ వీధిలో ఏ ఇంట టీ ఇవ్వాలో యూత్ లీడరును ముందే చీటీ రాసి పెట్టుకోమనండి, మీ వంతు ఈసారి కూడికతో తీరిపోయిందని ఆ అబ్బాయికి నేరుగా చెప్పండి.