విమానం క్యాబిన్‌ల ప్రెషర్ ఎక్కడ పోతది? విమానాలు చూసుకునే పనిల ఉన్నోళ్లు చెప్పండి

మిర్యాలగూడ_శ్రీను:
మనోళ్లు దుబాయ్, మస్కట్ పోయేటప్పుడు "ప్రెషరైజేషన్ ప్రాబ్లమ్, వెనక్కి తిప్పిన్రు" అని వింటుంటం. అసలు పాడయ్యేది ఏంది? తలుపు సందులకెళ్లి గాలి పోతదా, ఇంజిన్ నుంచే రాదా? బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఎ320 రెండిటి గురించి చెప్పండన్నా.

పాలమూరు_బి1:
తమ్మీ, గాలి బయటికి పోవుడు తప్పు కాదు, పోవాల్సిందే. ఇంజిన్ కంప్రెసర్ నుంచి తీసిన వేడి గాలి, అంటే బ్లీడ్, ప్యాక్‌లల్ల (గాలిని చల్లబరిచే యంత్రాలు) చల్లబడి లోపలికి వస్తది. వెనుక కింది భాగంల ఉండే అవుట్‌ఫ్లో వాల్వ్ ఎంత వదలాల్నో అంతే వదులుతది. విమానం ఎంత పైన ఉన్నా క్యాబిన్ ఎత్తు, అంటే లోపలి గాలి ఎంత ఎత్తుల ఉండే గాలి లెక్కుందో ఆ అంకె, 8,000 అడుగులు దాటొద్దు. 787, ఎ350లల్ల 6,000. లోపలి, బయటి ప్రెషర్ల తేడా 737ఎన్‌జీల (737ల తర్వాతి తరం) 8.35 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా, ఎ320ల 8.06 దాకా పోతది.

ప్రెషర్ నిలవకపోతే మూడే చూడాలె: వచ్చే గాలి తగ్గిందా, పోయేది పెరిగిందా, వాల్వ్‌ను నడిపే కంట్రోలర్ తప్పు లెక్క వేస్తుందా. ప్యాక్ తనంతట తనే ఆగిపోతే (ట్రిప్) మొదటిది. రెండోదాంట్ల తలుపు సీల్‌తో మొదలుపెట్టండి. సీల్‌కు లోపలి దిక్కు వరుసగా సన్న చిల్లులుంటయి. క్యాబిన్ గాలి అండ్లకెళ్లి దూరి రబ్బరును ఉబ్బిస్తది, అప్పుడే ఫ్రేమ్‌కు అతుక్కుంటది. చిల్లులల్ల దుమ్ము పట్టినా, అంచు చీరుకపోయినా ఈలేసినట్టు సప్పుడొస్తది. పైకి పోయినకొద్దీ ఆ ఈల పెరుగుతది. సిబ్బంది "ఫలానా తలుపు దగ్గర సప్పుడు" అని లాగ్‌బుక్‌ల రాస్తే సగం పని అయినట్టే, దయచేసి తలుపు పేరు రాయండి. ఆ తర్వాత అవుట్‌ఫ్లో వాల్వ్ అంచు, నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ వాల్వ్‌లు, బల్క్‌హెడ్‌ల (ప్రెషర్‌ను ఆపే అడ్డగోడ) వైర్లు పోయే చోట్లు చూడాలె.

నేల మీద పరీక్షకు జలుబు, చెవి నొప్పి ఉన్నోళ్లను లోపల కూసోబెట్టొద్దు. ప్రెషర్‌ను మెయింటెనెన్స్ పుస్తకంల చెప్పినంత మెల్లగ ఎక్కించి, ప్యాక్‌లు బంద్ చేసి, ఎన్ని సెకన్లల్ల ఎంత దిగిందో స్టాప్‌వాచ్‌తో చూడాలె. బయట సబ్బు నీళ్లు పూస్తే బుడగలే చోటు చూపిస్తయి. అయిపోయినంక వాల్వ్ పూర్తిగా తెరిచి, డిఫరెన్షియల్ (లోపలి, బయటి ప్రెషర్ల తేడా) ముల్లు సున్నా మీదికి వచ్చేదాక తలుపు ముట్టొద్దు. 737 ముందు తలుపు 34 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల ఎత్తు. ఒక్క పీఎస్ఐ మిగిలినా దాని మీద 1,100 కిలోలు తోస్తుంటది. మనిషి ఎగిరి పడుతడు.

షాద్‌నగర్_ఎఫ్ఓ:
అన్న చెప్పిన పరీక్షకు ఇంకొక్క మాట కలపాలె: పరీక్షకు చేత్తో నడిపే మాన్యువల్‌ల పెట్టిన ప్రెషర్ సెలెక్టర్ స్విచ్‌ను మళ్ల ఆటోకు తిప్పాలె. 2005 ఆగస్టు 14న హీలియోస్ కంపెనీ ఫ్లైట్ 522, లార్నకా నుంచి ఏథెన్స్ పోయే 737-300, ఈ తప్పుతోనే కూలింది. ముందు రాత్రి లీక్ చెక్ చేసి సెలెక్టర్‌ను మాన్యువల్‌ల వదిలిన్రు. టేకాఫ్ ముందు చెక్‌లిస్ట్‌లల్ల కూడా దొరకలే. వాల్వ్ తెరిచే ఉండె. 121 మంది పోయిన్రు. 737ల ఒకటే హారన్‌కు రెండు అర్థాలు: నేల మీద మోగితే టేకాఫ్ కాన్ఫిగరేషన్ (టేకాఫ్‌కు పెట్టాల్సినవి సరిగ్గ పెట్టలేదు), గాల్ల మోగితే క్యాబిన్ ఎత్తు 10,000 దాటినట్టు. ఆ సిబ్బంది మొదటిదనుకున్నరు. గాల్ల హారన్ వింటే ముందు మాస్క్, మిగిలిన ఆలోచన తర్వాత. 35,000 అడుగుల దగ్గర తెలివి నిలిచేది 30 నుంచి 60 సెకన్లే.

2018 సెప్టెంబర్‌ల ముంబై–జైపూర్ 737 సంగతి కూడా గంతే, బ్లీడ్ స్విచ్ ఆన్ చేయలే. కొందరికి ముక్కుల నుంచి, చెవుల నుంచి రక్తం కారింది.

జడ్చర్ల_సిమ్:
శంషాబాద్‌కు సంబంధించింది ఒకటుంది. మన రన్‌వే సముద్ర మట్టానికి 2,024 అడుగుల మీద ఉంటది. 737ల ల్యాండింగ్ ఆల్టిట్యూడ్, అంటే దిగబోయే రన్‌వే ఎత్తు, చేత్తో పెట్టాలె. చెన్నైకి పెట్టిన 50 అట్లనే మరిచి ఇక్కడ దిగితే చక్రాలు తాకేటప్పటికి ఒక పీఎస్ఐ దాకా లోపలే మిగులుతది. వాల్వ్ తెరుసుకుంటుంటే అందరి చెవులు పట్టేస్తయి. ఉల్టా, 2,000 ఉంచి చెన్నైల దిగితే చివరి 2,000 అడుగులు క్యాబిన్ కూడా విమానంతోపాటే నిమిషానికి 700 అడుగులు దిగుతది. మామూలుగ అది 350 దగ్గర ఉంటది. చంటిపిల్లలు గుక్కపట్టి ఏడ్చేది ఇసొంటప్పుడే. ఎ320ల ఆ అంకె ఫ్లైట్ ప్లాన్‌కెళ్లి తనంతట తనే తీసుకుంటది.

మిర్యాలగూడ_శ్రీను:
మంచిగ చెప్పిన్రన్నా. మాస్కుల్ల ఆక్సిజన్ ఎంతసేపు వస్తది? మన దిక్కు నల్లమల గుట్టలున్నయి గద, కిందికి దిగనిస్తయా?

పాలమూరు_బి1:
క్యాబిన్ ఎత్తు 14,000 అడుగులు దాటితే మాస్కులు వాటంతట అవే పడుతయి. 737ల చాలా వాటికి 12 నిమిషాలు. అంతల 10,000 అడుగులకు దిగిపోతరు. నల్లమల ఎత్తు దానికి అడ్డమే కాదు. హిమాలయాల మీదికెళ్లి పోయే రూట్లకే వేరే ప్లాన్, ఎక్కువ ఆక్సిజన్ కావాలె. మాస్క్‌ను మీ దిక్కు గట్టిగ గుంజితేనే పైన ఆక్సిజన్ తయారుచేసే జనరేటర్ అంటుకుంటది, ముట్టకుండ చూస్తే గాలి రాదు. సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తనే ఉంటది, పనిచేస్తలేదని తీసెయ్యొద్దు. కాలిన వాసన వస్తది, అది జనరేటర్ వేడికే. ముందు మీకు పెట్టుకుని తర్వాత పిల్లలకు పెట్టండి.