బెంగళూరులో డ్రాయింగ్ టీచర్లకు కలంకారీ నేర్పేవాళ్లున్నారా?

నమస్కారమండీ. మారతహళ్లి దగ్గర ఒక స్కూల్లో డ్రాయింగ్ చెప్తాను. పిల్లల్లో చాలామంది మన తెలుగువాళ్లే. పుస్తకంలో బొమ్మ చూసి గీయడమే తప్ప, అసలు పెయింటింగ్ ముందు నిలబడి చూసినవాళ్లు లేరు. జనవరిలో కుమారకృపా రోడ్డులో చిత్రకళా పరిషత్తు పెట్టే చిత్రసంతెకు తీసుకెళ్లొచ్చు గానీ, ఆ జనంలో చిన్నపిల్లలతో టెన్షన్. ప్యాలెస్ రోడ్డు మాణిక్యవేలు మాన్షన్‌లోని నేషనల్ గ్యాలరీ నయమనిపిస్తోంది. క్లాసు మొత్తాన్ని అక్కడికి తీసుకెళ్లినవాళ్లున్నారా? ముందుగా ఎవరిని అడగాలి? లోపల పెన్సిల్, స్కెచ్‌బుక్ రానిస్తారా?

ముఖ్యంగా అడగాలనుకున్నది కలంకారీ గురించి. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో బట్ట తడపడం, వెదురు కలంతో గీత లాగడం నా చేత్తో చేస్తేనే పిల్లలకు సరిగ్గా చెప్పగలను. శ్రీకాళహస్తి వెళ్లి ఉండేంత సెలవు దొరకదు. ఆదివారాల్లో ఇక్కడే నేర్పేవాళ్లు తెలిస్తే దయచేసి చెప్పండి.