రోజుకు ఆరేడుసార్లు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీల్చవచ్చా?

ప్రశ్న (ఖమ్మం నుంచి):
మా అమ్మగారికి 58 ఏళ్లు, చాలాకాలంగా ఉబ్బసం ఉంది. మిరపకాయల కాలం వచ్చిందంటే పిల్లికూతలు ఎక్కువై, సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను రోజుకు ఆరేడుసార్లు పీలుస్తున్నారు. నెల తిరగకముందే డబ్బా అయిపోతోంది. పీల్చిన కాసేపటికి గుండెదడతో పాటు చేతులు ఎంతగా వణుకుతాయంటే, కాఫీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంటారు. డాక్టరుగారు రాసిన రెండో ఇన్‌హేలర్‌ను, పీల్చినా ఏమీ తెలియడం లేదని మానేశారు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని, మాత్రలే మేలని బంధువులు అంటున్నారు. నిజమేనా?

సమాధానం (ఛాతీ వ్యాధుల వార్డులో పనిచేసిన నర్సు):
అలవాటు గురించి భయం అక్కరలేదమ్మా, నెలకో డబ్బా ఖాళీ కావడమే భయపడవలసిన విషయం. సాల్బుటమాల్ శ్వాసనాళాల చుట్టూ బిగుసుకున్న కండరాలను నిమిషాల్లో సడలిస్తుంది, ఆ ఉపశమనం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది, కానీ నాళాల లోపలి వాపును అది తగ్గించదు. ఆ వాపును తగ్గించేది స్టెరాయిడ్. రెండో ఇన్‌హేలర్‌లో ఉన్నది బహుశా అదే. అది రోజులు, వారాల మీద పనిచేస్తుంది కనుకనే పీల్చిన వెంటనే ఏమీ తెలియదు. ఉబ్బసానికి సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురావద్దని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇక మాత్రల మాటకు వస్తే, ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు, ఒక మాత్రలో 4 మిల్లీగ్రాములు, అంటే నలభై పఫ్‌లంత మందు. దానితో వణుకు, దడ ఇంకా పెరుగుతాయి.

సమాధానం (విజయవాడ నుంచి):
అమ్మగారు పీల్చేటప్పుడు ఒకసారి పక్కన కూర్చుని చూడండి. మా నాన్నగారి పెదవుల సందుల్లోంచి మందు పొగలా బయటికి పోయేది. స్పేసర్ (ఇన్‌హేలర్ మూతికి తగిలించుకుని, దాని గుండా మందు పీల్చే గొట్టం) కొన్నాక సగం ఇబ్బంది తీరింది. డబ్బాను బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, ఆపై నెమ్మదిగా లోపలికి పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తరువాత నీళ్లతో పుక్కిలించి ఉమ్మకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. వణుకు తగ్గుతుందని ఎవరైనా ప్రొప్రనలాల్ ఇస్తే మాత్రం వేసుకోనివ్వకండి, అది ఉబ్బసాన్ని రేపుతుంది.

సమాధానం (నర్సు, మరోసారి):
ఒక్క మాట మరిచాను. ఇన్‌హేలర్ పీల్చినా తేలిక పడక, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోగా కూర్చోబెట్టి, స్పేసర్‌తో ఒక్కో పఫ్ చొప్పున ఇస్తూ ఉండండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. రేపు ఉదయమే రెండు ఇన్‌హేలర్లూ వెంట పెట్టుకుని అమ్మను డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళుతున్నాను. ఆయన ఎదుటే ఒకసారి పీల్చి చూపించమంటాను.