ఉచిత ప్లాన్ వాడేవాళ్లకు అప్‌గ్రేడ్ సూచన ఎప్పుడు, ఎలా చూపించాలి?

లేఖిని_డెస్క్ (ప్రశ్న):
మాది పత్రాలు తయారుచేసుకునే వెబ్ యాప్. ఉచిత ప్లాన్‌లో 10 పత్రాలు, పీడీఎఫ్ డౌన్‌లోడ్ ఉంటాయి. ప్రో ప్లాన్‌లో పత్రాలకు పరిమితి లేదు, పాత వెర్షన్లు చూడొచ్చు, టీమ్‌తో కలిసి రాయొచ్చు. ఇప్పుడు లాగిన్ కాగానే తెరంతా కప్పే పాపప్ వస్తుంది. తాళం గుర్తున్న బటన్ ఏది నొక్కినా మళ్లీ అదే. క్లిక్‌లు బాగానే పడుతున్నాయి. కానీ దాన్ని మూయడం ఎలాగని సపోర్ట్‌కు మెయిల్స్ వస్తున్నాయి, డబ్బు కట్టిన వారంలోపే వాపసు అడిగేవాళ్లూ పెరిగారు. సూచన ఎక్కడ చూపాలి, ఎన్నిసార్లు చూపాలి, ప్రో ఫీచర్లను మెనూలో ఉంచాలా దాచాలా అన్నది తేల్చుకోవాలి.

గీత_గడి:
లాగిన్ పాపప్‌ను ముందు తీసేయండి. లాగిన్ అయిన మనిషి ఏదో ఒక పత్రం కోసం వచ్చారు, ప్లాన్ కోసం కాదు. ఆ క్షణంలో పడే క్లిక్‌లలో చాలావరకు దాన్ని ఎలాగోలా వదిలించుకోవడానికి నొక్కినవే కావచ్చు.

ఫీచర్లను దాచొద్దు. దాచితే అవి ఉన్నాయనే తెలియదు. మెనూలో పేరు పక్కన "ప్రో" అని చిన్న చీటీ పెట్టండి, నొక్కకముందే సంగతి తెలుస్తుంది. అన్నిటికంటే చిరాకు పెట్టేది ఏమిటంటే, నాలుగు మెట్లున్న ఫారం అంతా నింపించి చివర్లో "ఇది ప్రోలో మాత్రమే" అనడం. ఆ చీటీ మొదటి మెట్టు మీదే ఉండాలి. బటన్‌ను డిజేబుల్ చేయడం (నొక్కడానికి వీల్లేకుండా చేయడం) కూడా పొరపాటే. డిజేబుల్ అయిన బటన్ మీదికి ట్యాబ్ కీతో వెళ్లలేం, కాబట్టి అది ఎందుకు పనిచేయడం లేదో కీబోర్డుతో వాడేవాళ్లకు తెలిసే దారి ఉండదు. మామూలు బటన్‌గానే ఉంచి, నొక్కితే పక్కనే చిన్న ప్యానెల్ తెరవండి. వెనక పత్రం కనబడుతూనే ఉండాలి. ఎస్కేప్ కీతో మూతపడాలి, మూశాక ఫోకస్ (కీబోర్డు ఇప్పుడు ఎక్కడుందో చూపే గుర్తు) మళ్లీ ఆ బటన్ మీదికే రావాలి.

ప్యానెల్‌లో ఈ ఫీచర్ ఏం చేస్తుందో ఒక్క వాక్యం చాలు. ధర మాత్రం పూర్తిగా చెప్పండి: పన్నుతో కలిపి ఎంత, ఎన్నాళ్లకోసారి కట్ అవుతుంది, తర్వాతి తేదీ ఏది. ఏడాది డబ్బు ఒకేసారి తీసుకుంటూ నెల లెక్కను పెద్ద అక్షరాల్లో చూపిస్తే వాపసులకు అదే కారణం కావచ్చు. మీ దగ్గరా అదే జరుగుతోందేమో ముందు చూడండి.

ఇక 10 పత్రాల హద్దు. 11వది రాస్తుండగా ఆపకూడదు, "కొత్త పత్రం" నొక్కినప్పుడే చెప్పాలి. 8వ పత్రం దగ్గర ఆ బటన్ పక్కన "10లో 8" అని మామూలు అక్షరాల్లో కనబడితే చాలు. ప్రో నుంచి వెనక్కి వచ్చినవాళ్లకు 40 పత్రాలున్నా సరే, అన్నీ తెరుచుకోవాలి, దిద్దుకోవాలి, డౌన్‌లోడ్ కావాలి. కొత్తవి మాత్రమే ఆగాలి. మనిషి రాసుకున్నదాన్ని బందీ చేసి డబ్బు అడగడం తప్పు, ఇందులో బేరం లేదు.

కోడ్_కవ్వం:
పై మాటలు సరే, కానీ 8 అన్న అంకె అందరికీ పనికిరాదు. రెండేళ్లలో 8 పత్రాలు రాసినవారికి ఆ లెక్క చూపి లాభం లేదు. వారంలో 6 రాసినవారికి 8 దగ్గర చెబితే ఆలస్యం. గత 30 రోజుల వేగం చూసి, రెండు వారాల్లో హద్దు తగిలేలా ఉంటేనే చూపండి.

ఎన్నిసార్లు అన్నదానికి: మనిషి తానుగా ప్రో బటన్ నొక్కితే ప్రతిసారీ ప్యానెల్ తెరవొచ్చు, అది వారు అడిగిందే. మీ అంతట మీరు చూపేదానికే లెక్క ఉండాలి. ఒక సెషన్‌లో, అంటే యాప్ తెరిచి వాడుతున్న ఒక్క విడతలో, ఒకటి మించొద్దు. "వద్దు" అంటే ఆ ఫీచర్ గురించి 30 రోజులు ఎత్తొద్దు, రెండోసారీ వద్దంటే 90 రోజులు, మూడోసారి అంటే ఇక ఎప్పటికీ వద్దు. ఈ లెక్క బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో (ఆ ఒక్క పరికరంలోనే దాచే చోటు) పెడితే ఫోన్‌లో మూసింది ల్యాప్‌టాప్‌లో మళ్లీ లేస్తుంది. సర్వర్‌లో, అకౌంట్ కింద దాచండి.

ఇంకో రెండు చోట్ల కోడ్ దెబ్బతింటుంది. ప్లాన్ వివరం సర్వర్ నుంచి రావడానికి అర సెకను పట్టిందనుకోండి, అంతలో "ఉచితం" అనుకుని తాళాలు గీసేస్తే డబ్బు కట్టినవాళ్లకు కూడా తాళం ఒక్కసారి మెరుస్తుంది. "తెలియదు" అన్నది మూడో స్థితిగా పెట్టుకోండి, ఆ స్థితిలో ఏ సూచనా చూపొద్దు. సర్వర్ పలకకపోతే చివరిసారి తెలిసిన ప్లాన్‌నే నమ్మండి. రెండోది, డబ్బు కట్టాక హోమ్ పేజీకి తోసేయడం. ఏ పత్రంలో ఏ బటన్ నొక్కి బయల్దేరారో దాచి, తిరిగి అక్కడికే తెచ్చి, ఆ పని పూర్తిచేయండి. పేమెంట్ పేజీకి పంపే ముందు పత్రం సేవ్ అయిందో లేదో తప్పక చూసుకోవాలి.

టీమ్ అకౌంట్లలో డబ్బు కట్టే అధికారం లేని సభ్యుడికి ధర, కార్డు ఫారం చూపి ఉపయోగం లేదు. "అడ్మిన్‌ను అడగండి" అనే బటన్ ఇవ్వండి. అది నొక్కితే అడ్మిన్‌కు వెళ్లే సందేశం ముందుగా సభ్యుడికి కనబడాలి.

ఒత్తు_దీర్ఘం:
మాటల గురించి. "వద్దు, నాకు పాత పద్ధతే చాలు" లాంటి బటన్లు పెట్టకండి, అది మనిషిని చిన్నబుచ్చడం. "ఇప్పుడు వద్దు" చాలు. "అన్‌లాక్ చేయండి" కంటే "ప్లాన్లు, ధరలు చూడండి" మేలు, నొక్కితే ఏమవుతుందో అందులోనే ఉంది. రెండు బటన్లూ ఒకే పరిమాణంలో ఉండాలి. తెల్లని నేల మీద లేత బూడిద రంగులో "వద్దు" రాయడం చాలాచోట్ల కనిపిస్తుంది. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ప్రకారం మామూలు అక్షరాలకు, వాటి వెనక రంగుకు మధ్య 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కావాలి. మూసే గుర్తుకు అదే మార్గదర్శకాల 2.2 వెర్షన్ ఏఏ స్థాయిలో చెప్పిన కనీసం 24×24 సీఎస్ఎస్ పిక్సెల్స్, వేలితో నొక్కే తెర మీద 44 ఉంటే సుఖం. మీకు వస్తున్న మెయిల్స్‌లో సగం దీంతోనే తగ్గొచ్చు.

తెలుగు ఇంటర్‌ఫేస్ ఉంటే లైన్ హైట్ (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు) 1.5 కంటే తగ్గించకండి. ఇంగ్లిష్‌కు కొలిచిన బటన్‌లో "స్క్రీన్" వంటి మాటల కింది ఒత్తులు తెగిపోతాయి. బటన్ ఎత్తును అంకెతో బిగించక, లోపలి ప్యాడింగ్‌కు (మాట చుట్టూ వదిలే ఖాళీకి) వదిలేస్తే మాట రెండో వరుసలోకి వెళ్లినా ఇబ్బంది లేదు.

లేఖిని_డెస్క్:
చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలండి. పాపప్ తీసేస్తే క్లిక్‌లు తప్పక పడిపోతాయి. మార్పు మంచిదేనని దేనితో చూపించాలి?

గీత_గడి:
క్లిక్‌లను పక్కన పెట్టండి. ప్రతి కొనుగోలుతో పాటు అది ఏ సూచన నుంచి వచ్చిందో రికార్డు చేసి, ఒక్కో సూచనకు 30 రోజుల్లో వాపసులెన్ని, మొదటి రెన్యువల్ దాటి నిలిచినవారెందరు అని లెక్కించండి. పోల్చి చూడడానికి 10 శాతం అకౌంట్లకు మీ అంతట మీరు చూపే సూచనలేవీ లేకుండా ఉంచండి. మనుషులవారీగా కాదు, అకౌంట్లవారీగా విడగొట్టాలి, లేకపోతే ఒకే టీమ్‌లో ఇద్దరికి రెండు రకాలు కనబడి లెక్క కలగాపులగం అవుతుంది. నెలవారీ ప్లాన్ అయితే కనీసం రెండు రెన్యువల్స్ గడిచేదాకా ఫలితం తేల్చకండి.

కోడ్_కవ్వం:
దానితో పాటు సూచన తెరిచాక ఎంతసేపటికి మూశారో కూడా రాసిపెట్టండి. ఒక సెకనులోపు మూసినవి ఎక్కువగా ఉంటే అది చదవని సూచన. మాటలు మార్చి చూడడం కాదు, అది వచ్చే చోటునే మార్చాలి.