మునిగిన ఊరిని అందంగా ఉందనడం తప్పా?

నల్లమల బాటసారి:
ఎండలకు శ్రీశైలం డ్యాం వెనక నీళ్లు తగ్గినప్పుడు బయటపడ్డ ఒక పాత ఊరి ఫొటోలు పెట్టి, ‘ఎంత ప్రశాంతంగా ఉందో’ అని రాశాను. ‘మా బతుకులు మునిగిన చోట నీకు అందం కనపడిందా?’ అని ఒకాయన అడిగారు. రెండ్రోజులుగా అదే మనసులో తిరుగుతోంది. తప్పు రాశానా?

ముంపు ఊరి మనవడు:
తప్పే. 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు ఖాళీ చేయించారు. దగ్గరుండి ఇళ్లు కూల్పించారు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని మాత్రం రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. గుడి నిలిచినందుకు నాకూ సంతోషమే. ఆ శ్రద్ధలో కాస్తయినా మనుషుల మీద పెట్టారా? ఉద్యోగాలిస్తామని 1986లో 98వ నంబరు జీవో ఇస్తే, దాన్ని పట్టుకుని మావాళ్లు ఏళ్లకేళ్లు తిరిగారు. మీరు ఫొటో తీసిన ఆ మొండిగోడ ఎవరిదో వంటిల్లు.

కొత్తూరి కోడలు:
తమ్ముడూ, నీ కోపం న్యాయమే. కానీ అందం లేదనకు. ఊరొదిలేటప్పుడు మావాళ్లు దూలాలు, వాసాలు, దర్వాజాలు ఊడదీసి బండ్లకెత్తారు. మా ఇల్లు రెండు గదులే, దానికి పాత ఊరి టేకు దర్వాజా. గోడకంటే అదే గొప్పగా ఉంటుంది. గడపమీద చెక్కిన పూలు అరిగిపోయాయి, అయినా మా అత్తమ్మ పండగపండక్కీ పసుపు రాస్తుంది. బరువని రోలు ఒక్కటి అక్కడే వదిలేశారు. నీళ్లు తీసిన ఏడాది ఆమె నడిచి వెళ్లి, గుంతలోని ఒండ్రు చేత్తో తోడి, కడిగి, బొట్టు పెట్టి పక్కనే కూర్చుంటుంది. ‘ఎంత బాగుండేదే మన వాకిలి’ అనదు. ‘ఎంత బాగుందే’ అంటుంది. ఆమె కంటికి ఇంకా బాగుంది మరి.

నన్ను బాధపెట్టింది ఆ ‘ప్రశాంతం’ అన్న మాట. అది మనుషుల్ని తీసేశాక వచ్చిన నిశ్శబ్దం. కొత్తూళ్లోనూ అంతే, పిల్లలంతా హైదరాబాదు పనులకు పోయారు, సగం ఇళ్లకు తాళాలు. ఫొటో పెట్టు నాయనా, కాకపోతే కింద ఊరి పేరు రాయి.

నల్లమల బాటసారి:
అక్కా, పేరు అడగలేదు. చెప్పడానికి అక్కడ మనిషి లేడు. ఒడ్డున కప్పులేని ఆంజనేయుడి గుడి, దాని వెనక రాతి బావి, మెట్లు సగం దాకా ఒండ్రులో ఉన్నాయి. ఇది ఎవరి ఊరో తెలిసినవాళ్లు చెప్పండి, ఇప్పుడే మారుస్తాను.